పట్నపు పనికి దినమును, దారిని నిర్ణయించుకొను విధము

మన సంఘసభ్యులలో సంవత్సరమున కొకసారియైనను హైదరాబాదునకు పోవలసిన పని లేనివారు అరుదు. ఒకరికి ఆసుపత్రి, ఒకరికి కచేరీ, మరియొకరికి మోటారు సామాను, వేరొకరికి హాస్టలులోనున్న పిల్లలను చూచివచ్చుట. నారు ఏనాడు పోయవలెనో, ఎరువు ఏనాడు చల్లవలెనో పదిదినములు ముందుగా ఆలోచించు రైతు పట్నపు ప్రయాణమునకు మాత్రము "తెల్లవారగనే బస్సెక్కుదము, తక్కినది అచ్చట చూచుకొందము" అని బయలుదేరును. ఆ దినమున వాన పట్టిన యెడల చూపించుకొనవలసిన వైద్యుడు లేచిపోవును. సాయంకాలపు బస్సు తప్పును. ఇంటివద్ద కళ్లములోనున్న ధాన్యమును కప్పువాడు ఉండడు. పెద్ద ఆసుపత్రులలో ఒకసారి వరుస తప్పినచో మరల దొరకుటకు వారములు పట్టుటయు కలదు. కావున ఈ నెల పాఠమునకు పట్నపు ప్రయాణమునే విషయముగా గైకొంటిమి. చూపిన లెక్కలు హైదరాబాదునకు సంబంధించినవైనను లెక్కించు పద్ధతి ఏ నగరమునకైనను చెల్లును.

ప్రయాణమును బయలుదేరు గడియనుండి లెక్కించుట మనకు అలవాటు. అది సరికాదు. తిరిగి ఇల్లు చేరు గడియనుండి వెనుకకు లెక్కింపవలెను. ఏలయనగా, హైదరాబాదునుండి పెద్ద ఊళ్లకు రాత్రి పొద్దుపోవువరకు బస్సులుండును గాని అచ్చటినుండి మన గ్రామమునకు వచ్చు పల్లెవెలుగు బస్సు చీకటిపడిన కొంతసేపటికే ఆగిపోవును. సూర్యాపేట చెంతనున్న యొక గ్రామమును తీసికొందము. ఆ గ్రామమునకు చివరి బస్సు సూర్యాపేటలో రాత్రి 7-30 గంటలకు బయలుదేరు ననుకొందము. హైదరాబాదునుండి సూర్యాపేట సుమారు 135 కిలోమీటర్లు. ఎల్బీనగరులో ఎక్కినపిదప మూడు గంటలు వేసికొనవలెను. వానకును, చౌటుప్పలు ప్రాంతపు రద్దీకిని మరియొక అరగంట. అనగా సాయంకాలము 4 గంటలకు ఎల్బీనగరులో బస్సెక్కి తీరవలెను. పని పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రిలో ననుకొన్న యెడల, అచ్చటినుండి ఎల్బీనగరునకు మెట్రోరైలు ప్రయాణమును, నడకయు, టికెట్టు వరుసయు కలిసి ఒక గంట. కావున 3 గంటలకు ఆసుపత్రి గడప దాటవలెను. రక్తపరీక్షలు చేయించి, ఆ కాగితములను మరల వైద్యునికి చూపి మూడు గంటలకు బయటపడవలెనన్న, ఉదయము 8 గంటలకే చీటి వరుసలో నుండవలెను. అందులకు సూర్యాపేటలో తెల్లవారుజామున 4 గంటలకు బస్సెక్కవలెను. ఆ వేళకు గ్రామమునుండి సూర్యాపేటకు బస్సే లేదు!

ఇట్లు కాగితముమీద వేసి చూచినగాని ఇది ఒకదినపు పని కాదను సంగతి తెలియదు. తెలిసినపిదప దారి సులభమే. ముందుదినము మధ్యాహ్నము బయలుదేరి బంధువులయింట నుండి, మరునాడు పని ముగించుకొని రావచ్చును. లేదా మొదటిదినము చీటి, పరీక్షలు, రెండవదినము వైద్యుని దర్శనము అని విభజించుకొనవచ్చును. ముందుగా తెలిసిన రెండవదినము ఖర్చు మాత్రమే. తెలియక వచ్చిపడిన రెండవదినము ఖర్చును, కష్టమును కూడ.

ఇక నగరములో దిగవలసిన చోటు. మనవారు అలవాటు చొప్పున మహాత్మాగాంధీ బస్సుస్టాండువరకు పోయి దిగుదురు. పనియున్న దిక్కునుబట్టి, వచ్చు దారినిబట్టి ముందే దిగుట మేలు. సూర్యాపేట, నల్లగొండ, విజయవాడ దారిని వచ్చువారు ఎల్బీనగరులోను, హనుమకొండ దారివారు ఉప్పలులోను, సంగారెడ్డి, జహీరాబాదు దారివారు మియాపూరులోను దిగినచో అచ్చటనే మెట్రోరైలు అందును. కరీంనగరు, నిజామాబాదు బస్సులు పోవు జూబిలీ బస్సుస్టాండునొద్దను మెట్రో కలదు. మహబూబునగరు, కర్నూలు దారివారికి మాత్రము ఈ సౌకర్యము లేదు. వారు ఆరాంఘరులో దిగి సిటీబస్సు చూచుకొనవలెను. అయితే రాజేంద్రనగరములోని వ్యవసాయ విశ్వవిద్యాలయమునకో, వరి పరిశోధన సంస్థకో పోవువారికి ఆరాంఘరే దగ్గర. అట్టివారు బస్సుస్టాండువరకు పోయి మరల వెనుకకు వచ్చుట వట్టి శ్రమ.

మెట్రోరైలు 2017 నవంబరులో మొదలైనది. నేడు మూడు దారులు కలవు. మియాపూరు–ఎల్బీనగరు దారియు, నాగోలు–రాయదుర్గము దారియు అమీరుపేటలో కలిసికొనును. జూబిలీ బస్సుస్టాండునుండి వచ్చు దారి 2020 ఫిబ్రవరిలో తెరువబడి మహాత్మాగాంధీ బస్సుస్టాండునొద్ద ఎల్బీనగరు దారితో కలియును. గాంధీ ఆసుపత్రి స్టేషను దీనిపైననే యున్నది. పైజెప్పిన సూర్యాపేట రైతు ఎల్బీనగరులో ఎక్కి పంజాగుట్టలో దిగువరకు బండి మారనక్కరలేదు. 2025 మే నెలలో ఛార్జీలను సవరించి, పిదప నూటికి పది తగ్గించినప్పుడు అతి తక్కువ ఛార్జీ 11 రూపాయలుగాను, అతి యెక్కువ 69 రూపాయలుగాను ఏర్పడినది. సిటీబస్సుకంటె ఇది హెచ్చే. వాననాడు మాత్రము ఆ హెచ్చు వ్యర్థము కాదు. కారణము చెప్పెదము.

ఒక సెంటీమీటరు వాన ఎకరమున కురిసిన యెడల సుమారు 40 వేల లీటర్ల నీరగును. ఒకగంటలో 5 సెంటీమీటర్లు కురిసినచో ఎకరమునకు రెండులక్షల లీటర్లు. మన చేనిలో దానిలో చాలభాగము భూమి త్రాగును. తక్కినది గట్లమధ్య నిలుచును. నగరములో భూమి యంతయు తారు, సిమెంటు, మేడలకప్పులు. త్రాగు నేల లేదు. పడిన నీరంతయు ఒక్కసారిగా పల్లమునకు పరుగెత్తును. లక్డీకాపూలు, ఖైరతాబాదు, అమీరుపేట మైత్రీవనము, మలకుపేట రైలువంతెన క్రింది దారి అట్టి పల్లములు. మలకుపేట వంతెనక్రింద నీరు నిలిచెనా, చాదరుఘాటునుండి దిలుసుకునగరువరకు బస్సులు కదలవు. మెట్రోరైలు స్తంభములమీద పోవును గనుక క్రింది నీరు దానికి అడ్డుకాదు. ఆ గడియలో జనమంతయు దానిమీదనే పడుటచే లోపల నిలుచుటకు చోటుండదన్నమాట నిజమే. నిలిచియైనను ఊరు చేరవచ్చును.

వాననుగూర్చి రైతునకు చెప్పుట తాతకు దగ్గులు నేర్పుటవంటిది. అయినను పొలమునకు కావలసిన వానయెరుక వేరు, ప్రయాణమునకు కావలసినది వేరు. పొలమునకు ఎంత కురిసినదన్నది ముఖ్యము. ప్రయాణికునకు ఏ గంటలో కురిసినదన్నది ముఖ్యము. దినమంతయు ముసురుపట్టి 5 సెంటీమీటర్లు కురిసినను నగరములో బస్సులు నడచుచునే యుండును. అదే 5 సెంటీమీటర్లు సాయంకాలము ఒక్కగంటలో కురిసినచో నగరము స్తంభించును. ఎండాకాలపు ఉరుములవానలును, మృగశిరకు ముందువెనుకల వచ్చునవియు, చిత్తకార్తెలో వచ్చు కొన్ని వానలును ఈ రెండవజాతివి. ఉదయమంతయు ఎండకాయుటచే నేల వేడెక్కి, తేమగాలి పైకిలేచి, మధ్యాహ్నము తిరుగువేళకు మేఘము కోటవలె పెరుగును. కావున అది తరచుగా 3 గంటలు మొదలు 8 గంటలలోపల విరుగును. కచేరీలు విడుచు వేళయు అదే! ఈ ఋతువులలో ఉదయము ఆకాశము నిర్మలముగా నున్నదని ధైర్యము చెందరాదు. మిక్కిలి ఉక్కగానున్న నిర్మలమైన ఉదయమే సాయంకాలపు వానకు గురుతు. పట్నములోని పని మధ్యాహ్నము 2 గంటలకు ముగియునట్లు చూచుకొనవలెను. అట్లు కానిచో వానకు ముందు పరుగెత్తక, ఆసుపత్రిలోనో స్టేషనులోనో కూర్చుండి వాన వెలిసిన రెండుగంటలకు కదలుట మంచిది.

శ్రావణపు ముసురు ప్రయాణమున కంత శత్రువు కాదు. గొడుగు, కాగితములను చుట్టుటకొక ప్లాస్టిక్ సంచి, అరగంట అదనపు వ్యవధి ఉన్న చాలును. కాగితముల మాట తేలికగా తీసికొనరాదు. పట్టాదారు పుస్తకమును, ఆధారు కార్డును, ఆసుపత్రి పాతచీటీలను చొక్కా జేబులో పెట్టుకొని తడిపి, సిరా చెదరినవానిని కచేరీలో చూపి, మరల తెమ్మనిపించుకొని వచ్చినవారు మన సంఘములోనే ఉన్నారు.

మిక్కిలి జాగ్రత్తపడవలసినది మూడవజాతి వాన. బంగాళాఖాతములో వాయుగుండము పుట్టి, తీరముదాటి తెలంగాణముమీదుగా పోవునది. 1908 సెప్టెంబరు 28న మూసీనది నగరమును ముంచి వేలాది ప్రాణములు తీసిన వరద సంగతి పెద్దలు చెప్పగా విన్నదే. దాని పిదపనే విశ్వేశ్వరయ్యగారి సలహాపై ఉస్మానుసాగరు, హిమాయతుసాగరు జలాశయములు కట్టబడినవి. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒకదినమున సుమారు 24 సెంటీమీటర్లు కురిసినది. 2020 అక్టోబరు 13న ఉదయము కాకినాడవద్ద తీరము దాటిన వాయుగుండము ఆ రాత్రికే హైదరాబాదును ముంచినది. 2025 సెప్టెంబరు 26 రాత్రి పై రెండు జలాశయముల గేట్లు ఎత్తగా మూసీ పొంగి, మహాత్మాగాంధీ బస్సుస్టాండులోనికే నీరు వచ్చి ప్రయాణికులు చిక్కుకొనిరి. పిమ్మట బస్సులను ఎల్బీనగరు, ఆరాంఘరు మొదలైన వెలుపలి చోట్లనుండి నడిపిరి.

ఈ తేదీలను కార్తెలలోనికి మార్చి చూడుడు. ఒకటి మఖ. తక్కినవి ఉత్తర, హస్త, చిత్త. తొలకరిలో ఎంత కురిసినను చెరువులు త్రాగును. ఉత్తర వచ్చుసరికి చెరువులు నిండియుండును, నేల నానియుండును. ఆపై పడిన ప్రతిచుక్క ప్రవాహమే. కావున ఉత్తర మొదలు చిత్తవరకు, వాయిదా వేయగల పట్నపు పనిని వాయుగుండపు వార్త విన్నంతనే వాయిదా వేయవలెనని మా అభిప్రాయము. తీరముదాటిన వార్త మనకు చేరునప్పటికి ఒక్కొక్కసారి పగటివేళ మాత్రమే మిగులును. ఆ పగటిలో పట్నమునకు పోవుటకంటె, కోసిన పైరు ఉన్నచో దానిని కుప్పవేసి కప్పుకొనుటయే యుక్తము.

నగరము పొడిగానుండి దారి తెగుటయు కలదు. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాదు జిల్లాలో కేసముద్రము, ఇంటికన్నె స్టేషన్లనడుమ రైలుదారి క్రింది మట్టి కొట్టుకొనిపోయి రైళ్లు ఆగినవి; ఆ దినముననే విజయవాడ రహదారిమీదను రాకపోకలు నిలిచినవి. కావున హైదరాబాదు జిల్లా వార్తనేకాక, నడుమనున్న జిల్లాల వార్తయు చూడవలెను. వాగు వంతెనమీదుగా నీరు పారుచుండగా "బస్సు బరువైనది, దాటును" అను ధైర్యము ఎవరు చెప్పినను వినరాదు.

వాతావరణశాఖవారి ప్రకటనలోని మాటలకు నిర్ణీతమైన అర్థములు కలవు. దానిని తెలియకనే చాలమంది "వారు చెప్పినది జరుగలేదు" అని నిందింతురు. "ఒకటి రెండు చోట్ల" అన్నచో ఆ ప్రాంతపు వానమాన కేంద్రములలో నాలుగవవంతు మించకుండ కురియునని. "కొన్ని చోట్ల" అన్నచో సగమువరకు. "అనేక చోట్ల" అన్నచో ముప్పాతికవరకు. "దాదాపు అన్ని చోట్ల" అన్నచో అంతకు మించి. ఒకటి రెండు చోట్ల అన్ననాడు మన చేనిలో పడకున్న ప్రకటన తప్పనరాదు. "భారీవర్షము" అనగా ఒకదినమున 64.5 మిల్లీమీటర్లు మొదలు 115.5 వరకు, "అతిభారీ" అనగా 115.6 మొదలు 204.4 వరకు. ఇక్కడ దినము అనగా అర్ధరాత్రినుండి కాదు, ఉదయము 8-30 నుండి మరునాటి ఉదయము 8-30 వరకు. బుధవారపు హెచ్చరికలో గురువారపు తెల్లవారుజాముకూడ చేరియున్నదని గ్రహింపవలెను.

రంగుల సంగతియు అట్టిదే. పసుపు అనగా కనిపెట్టియుండుడని. నారింజ అనగా సిద్ధముగా నుండుడని. ఎరుపు అనగా వెంటనే రక్షణచర్య తీసికొనుడని. పసుపునాడు ప్రయాణము మానవలసిన పనిలేదు, వేళమార్చుకొన్న చాలును. నారింజనాడు తప్పనిసరి పనికే పోవలెను; రాత్రి నిలుచుటకు చోటు ముందే చూచుకొనవలెను. ఎరుపునాడు ప్రాణాపాయపు వైద్యమునకు తప్ప కదలరాదు. ప్రకటనను మూడుసార్లు చూడవలెను: అయిదుదినములు ముందు దినము నిర్ణయించుకొనుటకు, ముందునాటి సాయంకాలము వేళ నిర్ణయించుకొనుటకు, నగరములో మధ్యాహ్నము రాబోవు మూడుగంటల సూచన తిరుగుదారి నిర్ణయించుకొనుటకు. ఫోనులో "మౌసమ్" అను వాతావరణశాఖ యాప్‌లో ఇవి దొరకును. పైరుల సలహాకు "మేఘదూత్", పిడుగులకు "దామిని" వేరుగా కలవు. చదువుకొన్న పిల్లవాడు ఇంటిలోనున్నచో వానికి ఈ పని అప్పగింపవచ్చును. వాడు దానిని సంతోషముతో చేయును.

ఎండాకాలపు ప్రయాణమునుగూర్చి కొద్దిగా చెప్పిన చాలును, ఎండ యెరుగని రైతు లేడు గనుక. అయితే పొలములో చెట్టుక్రిందికి పోవుటకు స్వేచ్ఛ యుండును. నగరపు బస్సు నిలుచుచోట, తారురోడ్డు ఆవిరిలో, అది యుండదు. రాజేంద్రనగరములో మే నెలలో జరుగుచు వచ్చిన విత్తనమేళాకు పోవువారు దీనిని గుర్తుంచుకొనవలెను. ఆరాంఘరులో ఉదయము 9 గంటలకు దిగి, 11 గంటలలోపల విత్తనము కొని, మూటలు నీడను పెట్టి, ఎండ తగ్గినపిదప బయలుదేరవలెను. నలుగురి విత్తనమునకు ఇద్దరు పోయిన చాలునని మా సలహా.

స్త్రీలకు ప్రయాణపు ఖర్చులో నొక సౌకర్యము కలదు. తెలంగాణములో 2023 డిసెంబరు 9 మొదలు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఈ రాష్ట్రపు స్త్రీలకు టికెట్టు వెల లేదు. నివాసము తెలుపు గుర్తింపుకార్డు చూపి "జీరో టికెట్టు" తీసికొనవలెను. "మెట్రో ఎక్స్‌ప్రెస్" అనునది బస్సు, మెట్రోరైలు కాదు; రైలులో అందరికిని ఛార్జీ కలదు. ఈ పేరుతో పొరబడి స్టేషనువద్ద వాదములాడినవారు కలరు. ఆంధ్రప్రదేశములో 2025 ఆగస్టు 15 మొదలు ఇట్టి యేర్పాటే "స్త్రీశక్తి" పేర వచ్చినది గాని, అది రాష్ట్రములోపలి బస్సులకే. కోదాడ, నందిగామ ప్రాంతములలో ఇరుప్రక్కల బంధుత్వములున్న మన సభ్యులు, సరిహద్దు దాటు బస్సులో తోబుట్టువులకు ఉచితమనుకొని డబ్బులేక పంపరాదు. పురుషులు నగరములో నాలుగైదు బస్సులు మారవలసియున్నచో ఇరువదినాలుగు గంటలకు చెల్లు "టి-24" టికెట్టును కండక్టరు నడిగి తీసికొనవచ్చును.

మెట్రోరైలులో సామాను పరీక్ష కలదని మరువరాదు. సంచులను యంత్రముగుండ పంపుదురు. కొడవలి, కత్తి మొదలైన పదునైన వస్తువులను గాని, మండునట్టి ద్రవములను గాని లోనికి రానీయరు. పెద్ద మూటలును కూడదు. రాణిగంజులో పంపు సామాను కొనువారు ఈ సంగతి ముందే యెరిగి, కొనుగోలును చివరకు పెట్టుకొని బస్సులో రావలెను. ఆటో ఎక్కునపుడు వెల ముందే మాటలాడుకొనుట, వాననాడు ఇద్దరుముగ్గురు కలిసి ఎక్కుట మంచిది.

రైలులో వచ్చువారు టికెట్టుమీద ఏ స్టేషను పేరున్నదో చదువుకొనవలెను. 2025 జనవరిలో చర్లపల్లి స్టేషను క్రొత్తగా తెరువబడిన పిదప కొన్ని బండ్లు సికిందరాబాదునకు బదులు అచ్చటినుండి బయలుదేరుచున్నవి. చర్లపల్లి నగరపు తూర్పు అంచున నున్నది. పంజాగుట్టనుండి వాననాడు అచ్చటికి చేరుటకు రెండుగంటలైనను చేతనుంచుకొనవలెను.

పండుగలలో అనంతచతుర్దశినాడు వినాయక నిమజ్జనమునకై ట్యాంకుబండు చుట్టుప్రక్కల దారులు మూయబడును, ఆనాడు పోవలదు. సంక్రాంతికి ముందు మూడుదినములు నగరమునుండి వచ్చుటయు, పిదప మూడుదినములు నగరమునకు పోవుటయు కష్టము. మేడారము జాతర జరుగు సంవత్సరమున బస్సులు చాలభాగము అచ్చటికి మరలింపబడును గనుక ఆ వారమున మన దారిలో బస్సు దొరకుట దుర్లభము.

పోవునప్పుడు ఇంట చెప్పవలసినవి రెండు. మొదటిది, ఏ ఆసుపత్రి లేక ఏ కచేరీయో, ఫోను పనిచేయకున్న ఎవరి నంబరునకు పిలువవలెనో కాగితముమీద వ్రాసి యుంచుట. రెండవది, కళ్లములో ధాన్యమున్నయెడల టార్పాలిను ఎచ్చటనున్నది, వాన వచ్చినచో కప్పువారెవరన్నది పొరుగువారితో బయలుదేరకముందే మాటలాడుకొనుట. సొంత టార్పాలిను లేనివారు సంఘమునందున్నవానికై గుమాస్తాగారిని ముందునాటి సాయంకాలము 5 గంటలలోపల అడుగవలెను. ఏ గ్రామమునకు చివరి బస్సు ఎప్పుడో సభ్యులు తెలిపినచో, ఆ వేళలను సంఘపు గోడమీది పలకపై వ్రాయింతుము.